ఒక రాత్రికి జాగా

పోచంపల్లి అనగానే మన పత్రిక చదివే సోదరీమణులకు పట్టుచీరలు జ్ఞాపకం వస్తాయి. ఆ పోచంపల్లి తెలంగాణలో ఉన్నది. దానికి నేతవల్ల వచ్చిన పేరు ఒకటి. 1951 ఏప్రిల్ 18వ తేదీన వెదిరె రామచంద్రారెడ్డిగారు వినోబా భావేగారికి 100 ఎకరాలు దానమిచ్చి భూదానోద్యమానికి నాంది పలికినందువల్ల వచ్చిన పేరు మరొకటి. మేముండే పోచంపల్లి అది కాదు. మాది తమిళనాట కృష్ణగిరి జిల్లా, కృష్ణగిరి పట్టణానికి సుమారు 30 కిలోమీటర్లు. ఆదివారంనాటి సంత, మామిడితోటలు, కొబ్బరితోపులు, నడుమ నడుమ ఎవరో కుప్పపోసి మరచిపోయినట్లున్న రాతిగుట్టలు – ఇవే మా సంపద. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, హోసూరు దాటితే కన్నడం. ఎదుటి మనిషి ముఖం చూడగానే మా నాలుక దానంతటదే భాష మార్చుకొంటుంది.

ఇటువంటి ఊళ్ళో గుడారం వేసికొని ఒక రాత్రి పడుకోవడానికి జాగా వెదికిన కథ ఇది. ఇల్లూ వాకిలీ ఉన్నవారికి ఈ అవస్థ ఎందుకని మీరు అడగవచ్చు. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రపు దక్షిణభాగాన ఉంటారు. సెలవు దొరికితే చాలు, గుడారం మూటగట్టుకొని అడవికి పోవడం వారికి అలవాటైంది. కిందటి డిసెంబరులో ఇక్కడికి రాబోతూ మా అమ్మాయి, "అమ్మా, ఈసారి పాపకు మన ఊరి దగ్గరే ఒక రాత్రి గుడారంలో పడుకోవాలని ఉందట. కరెంటు, జనం, బండ్ల చప్పుడు లేని చోటు ఒకటి చూచి పెట్టండి" అని ఫోనులో చెప్పింది.

మిద్దెమీద వేసికొంటే పోదా అని మాకు తోచిన మాట నిజమే. కాని మనవరాలు పోయినసారి వచ్చినప్పుడు ఎనిమిదేళ్ళది. బస్సుల హారన్లకు, పెళ్ళి మైకులకు చెవులు మూసుకొని కూర్చుని, మూడోనాడే "ఇంటికి ఎప్పుడు పోతాం?" అని వాళ్ళమ్మను అడిగింది. ఇంటికి! మేము పుట్టి పెరిగిన గడపలో కూర్చుని అడిగిన మాట అది. పిల్ల మాటకు ఎవరూ కోపగించుకోరు, మేమూ కోపగించుకోలేదు. అయితే ఆ మాట మాత్రం రెండేళ్ళు మా ఇంట్లోనే ఉండిపోయింది. అందువల్ల ఈ జాగా వెదకడం మాకు వేడుక పని కాలేదు.

వాళ్ళు ఉండేచోట ఈ వ్యవహారం ఎట్లా సాగుతుందో అల్లుడు వివరించాడు. ఒహాయో నదికీ మిసిసిపీ నదికీ నడుమ షానీ జాతీయారణ్యం అని ఉన్నదట, 1939లో ఏర్పడింది. పాడుబడిన పొలాలను సర్కారు కొని, చెట్లు పెంచి అడవి చేశారు. అధికారులు మూసిపెట్టిన చోట్లు తప్ప అక్కడ ఎక్కడైనా గుడారం వేసికోవచ్చు. రుసుము లేదు, ఒకచోట 14 రోజులకు మించి ఉండరాదు. కొళాయి, దీపం, మరుగుదొడ్డి ఏదీ ఉండదు. బయటి ఊళ్ళనుంచి కట్టెలు మోసుకొని రావద్దని మాత్రం గట్టిగా చెబుతారట. డెట్రాయిట్ దగ్గర 2002లో అగుపడిన ఒక ఆకుపచ్చ పురుగు అట్లా కట్టెలలో దాగి ఊరూరూ తిరిగి, కోట్ల చెట్లను చంపిందట. ఎవరినీ అడగనక్కరలేని విశాలమైన చోటు అనేది మాకు వినడానికే వింతగా ఉన్నది. మా దగ్గర అంగుళం నేలకైనా ఒక పేరు, ఒక పట్టా, ఒక తగాదా ఉంటాయి.

గుడారం మాత్రం మనవారికి కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణంనుంచి పరివారంతో, డేరాలతో బయలుదేరి కాశీకి పోయి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివినవారికి తెలుస్తుంది – ప్రతి మజిలీలో ఆయన చూచేది ముందు నీళ్ళు, తరువాత నీడ, ఆ తరువాత అంగళ్ళు. ఇప్పటివారు కొత్తగా కనిపెట్టినట్లు చెప్పుకొనే విషయమంతా అందులో ఉన్నది. మా సీమకే వస్తే, 1792లో టిప్పుసుల్తాను బారామహలును కుంఫిణీకి వదలుకొన్నప్పుడు కర్నల్ రీడ్ కింద పనిచేయడానికి వచ్చిన థామస్ మన్రో 1799 దాకా ఇక్కడ ఉన్నాడు. తరువాత దత్తమండలాలకు పోయి ఏటిలో ఎక్కువకాలం డేరాలలో గడుపుతూ ఊరూరూ తిరిగి, కడకు 1827లో పత్తికొండలో మకాం ఉండగానే కలరాతో పోయాడు. దొరకు కావలసినచోట డేరా కొట్టడానికి బంట్రోతులు ఉండేవారు. మాకు ఉన్నది ఒక పాత స్కూటరు.

వెదకడం మొదలుపెట్టాము. మొదట అందరూ చెప్పేది అడవి. హోసూరు, డెంకణీకోట, అంచెట్టి వైపు అడవులు గొప్పవే. కాని వాటిలో చాలాభాగం 2014లో కావేరి ఉత్తర అభయారణ్యం అయింది. రిజర్వు అడవిలో గాని, అభయారణ్యంలో గాని అనుమతి లేకుండా రాత్రి ఉండడం నేరం. అది సరైన కట్టుబాటే సుమా! చలికాలం వచ్చిందంటే ఏనుగుల గుంపులు బన్నేరుఘట్ట వైపునుంచి తళి, జవళగిరి, సానమావు మీదుగా రాగిచేలకు దిగుతాయి. రాగి కోతకు వచ్చేది, మనవారికి క్రిస్మస్ సెలవులు వచ్చేది ఇంచుమించు ఒక్క కాలమే. ఆ నెలల్లో అటువైపు రైతులే మంచెలమీద నిద్రలేకుండా కావలి ఉంటారు. వారి నడుమ మనం నూలుగుడ్డ అంత మందం గుడారంలో పడుకోవడం ధైర్యం అనిపించుకోదు.

రెండవది ఏటి ఒడ్డు. దక్షిణ పినాకిని మా ప్రాంతానికి తల్లివంటిది. ఇసుకతిన్నెలు చూస్తే ఎవరికైనా పడుకోవాలనిపిస్తుంది. అయితే పైన కృష్ణగిరి ఆనకట్ట ఉన్నది, 1958లో పూర్తయింది. 2017 నవంబరులో దాని తలుపు ఒకటి విరిగి నీళ్ళు ఏటిపాలైనప్పుడు దిగువ ఊళ్ళన్నిటికీ దండోరా వేయవలసి వచ్చింది. 2024 డిసెంబరు మొదట్లో తుపాను తరువాత మా పొరుగు తాలూకా ఊత్తంగరైలో ఒక్కరోజున 50 సెంటీమీటర్ల వాన పడి, చెరువు పొర్లి, రోడ్డుపక్క నిలిపిన వాహనాలు బొమ్మలవలె కొట్టుకొని పోయాయి. ఎండిన ఏరు ఎండినట్లే ఉంటుందని నమ్మరాదు. బారూరు పెద్దచెరువు గట్టు కూడా చూచాము. పగలు బాగున్నది. సాయంత్రమయ్యేసరికి దోమలు.

ఇక డబ్బు ఇచ్చి ఉండే చోట్లు. ఒక నీటి ఒడ్డున గుడారాలు వరుసగా వేసి అద్దెకు ఇచ్చేవారు ఉన్నారని తెలిసి, పోయి చూచాము. పేరు ఎందుకు లెండి. గుడారంలో పరుపు, పంకా, రంగుదీపాలు. రాత్రి 11 గంటలదాకా పాటల పెట్టె మ్రోగుతుందట. "ఆపమంటే ఆపరా?" అని అడిగితే, "పాటలు లేకుంటే ఎవరొస్తారు సార్?" అన్నాడు అక్కడి కుర్రవాడు. అతడి మాటలో న్యాయం లేకపోలేదు.

మామిడితోట మంచిదని కొందరన్నారు. సందూరు చుట్టుపక్కల తోటలకు, మామిడి అంట్లకు లోటు లేదు. డిసెంబరులో తోటలో కాయ ఉండదు, కావలివాడు ఉండడు, కొమ్మల కింద చీకటి చల్లగా ఉంటుంది. ఒకటి కుదుర్చుకొన్నాము కూడా. అయితే ముందుగా ఒకనాటి రాత్రి పోయి కూర్చున్నాము. నడిరేయి దాటి రెండు గంటలకు పక్కచేలో బోరు మోటారు గుర్రుమని లేచింది. వ్యవసాయానికి మూడు ఫేజుల కరెంటు వేళలు కట్టి ఇస్తారు. కరెంటు వచ్చినప్పుడు మోటారు దానంతటది తిరిగేటట్లు పెట్టుకొని రైతు ఇంట్లో నిద్రపోతాడు, పాపం. రెండు గంటల తరువాత ఊరి కోవెల మైకు. అది ధనుర్మాసం. భక్తికి మేము విరోధులము కాము; మేము కూడ తెల్లవారకముందే లేచి ముగ్గు వేసే ఇంటివారమే. కాని నాలుగు గుళ్ళ మైకులు నాలుగు పాటలు ఒక్కసారి ఎత్తుకొంటే ఏ దేవుడికి ఏది చేరుతుందో తెలియదు. మా పోచంపల్లిలో నిశ్శబ్దం కావాలంటే బోరు, మైకు, రోడ్డు ఈ మూడింటికీ చెవి అందని చోటు చూడాలని ఆ రాత్రి తేలింది. పటం పరచుకొని చూస్తే అటువంటి చోటు ఏదీ అగుపడలేదు.

అప్పుడు తోచింది – ఈ సీమలో ప్రతి రాత్రీ ఆరుబయట పడుకొనేవాడు ఒకడున్నాడు గదా! గొర్రెలకాపరి. అతడిది ఊరు ఊరు తిరిగే మంద. పంట తీసిన చేలో రాత్రికి మంద తోలించుకొంటే పెంట, పంచితం నేలకు చేరి తరువాతి పంట బలంగా వస్తుంది. అందుకు రైతు రాత్రికి ఇంత అని డబ్బో గింజలో ఇస్తాడు. చేను మారినప్పుడల్లా అతడి పడక మారుతుంది.

ఆదివారం తెల్లవారుజామున సంతకు పోయాము. మా సంతలో మేకలు, గొర్రెల బేరం పొద్దు పొడవకముందే మొదలవుతుంది. వచ్చినవారిలో మా ఈడు మనిషిని ఒకరిని పట్టుకొని సంగతి చెప్పాము.

"కుక్కను తెస్తారా?" అదీ ఆయన మొదటి ప్రశ్న.

"లేదన్నా. ఇంటివాళ్ళమే ఐదుగురం. ఒక చిన్నపాప."

"యాడోళ్ళు మీరు?"

"ఈ ఊరోళ్ళమే."

"ఈ ఊరోళ్ళకు డేరా ఎందుకు సామీ?" అని ఆయన నవ్వాడు. అమెరికా పాప సంగతి చెప్పేదాకా నవ్వు ఆపలేదు. తరువాత నవ్వు మాని, మా పెళ్ళి సంబంధం చూస్తున్నంత శ్రద్ధగా ఆలోచించాడు.

జాగా ఎట్లా ఉండాలో ఆయన చెప్పిన మాటలు మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. చెరువు కింద వద్దు, మంచు దిగుతుంది, కుక్కలు నీళ్ళకు వస్తాయి. గుట్ట మొదట్లో వద్దు. ఎండకు కాగిన బండ నడిజాముదాకా వేడి కక్కుతుంది, బండల సందుల్లో ఏముంటుందో చెప్పలేము. కొబ్బరిచెట్ల కింద వద్దు, ఎందుకో చెప్పనక్కరలేదు. చింతచెట్టు కింద వద్దు, ఎందుకో ఆయన చెప్పలేదు. కొంచెం వాలున్న ఎర్రగరప నేల కావాలి. వాన వచ్చినా నీళ్ళు నిలవవు. శనక్కాయలు పెరికిన చేను అయితే మెత్తగా ఉంటుంది. తూర్పుగాలికి అడ్డంగా ఒక గట్టు గాని కంచె గాని ఉండాలి. "అట్లాంటివి మా దారిలో ముందు పదీపన్నెండు ఉండె సామీ. ఇప్పుడు మూడు," అన్నాడు.

ఆ మూడింటిలో ఒకదానికి ఆయనే తీసుకొని పోయాడు. చేను ఒక పెద్దావిడది. ఆమెను అడిగి, అద్దె ఎంత ఇమ్మంటారని మర్యాదకు అన్నాము. "ఒక రాత్రి పండుకొనేదానికి దుడ్డేంది నాయనా? నిప్పు పెట్టొద్దండి. సీసాలు ఏయొద్దండి," అన్నది. సీసాల మాట ఎందుకన్నదో గట్టుమీదే తెలిసింది. పట్నంనుంచి ఎవరో వచ్చి తాగి పగులగొట్టిన గాజుపెంకులు. అవి దిగి ఆ కాపరి గొర్రె ఒకటి కాలు చీము పట్టి చచ్చిందట.

పిల్లలు వచ్చిన నాలుగోనాడు పోయాము. అల్లుడు తెచ్చిన గుడారంలో మాకు నచ్చినది ఒక్కటే – అడుగుగుడ్డ గోడలతో కలిపి కుట్టి ఉంటుంది, వాకిలికి జిప్పు ఉంటుంది. మా ప్రాంతంలో అది విలాసం కాదు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకొన్నవారినే ఎక్కువగా కరుస్తుంది. కాటు చీమ కుట్టినట్లు కూడా తెలియకపోవచ్చు. జిప్పు తెరచి ఉంచరాదని, చెప్పులు దులపకుండా తొడగరాదని, టార్చి లేకుండా అడుగు వేయరాదని పాపతో మూడుసార్లు చెప్పించాము. కరిస్తే కట్లు, కోతలు, మంత్రాలు కాదు, కదలకుండా పెట్టి పెద్దాసుపత్రికి తీసుకొని పోవడమే. మన దేశంలో దొరికే మందు నాలుగు ముఖ్యమైన విషసర్పాలకూ ఒక్కటే. చలిలో పాములు తక్కువే అయినా ఈ మాట వ్రాయక వదలబుద్ధి కాలేదు. నీళ్ళు బిందెతో ఇంటినుంచే తెచ్చాము. రాగిసంకటి, వేరుశనగ చట్నీ కూడ ఇంటివే. చేలో పొయ్యి పెట్టలేదు. చెంబు పట్టుకొని దూరంగా పోయే వ్యవహారంలో మా మనవరాలు మాకంటె ఆరితేరినది. పార తీసుకొని గుంట త్రవ్వి, మూసి వచ్చింది. షానీ అడవిలో అట్లాగే చేయాలట.

మాకు ఇరవై బారల దూరంలో మంద. గుంజలు పాతి వల చుట్టి, గొర్రెపిల్లలను గంపల కింద మూసి, కాపరి కంబళి పరచుకొన్నాడు. నిశ్శబ్దం కోరి వచ్చినవారికి మొదట కొంచెం ఆశాభంగమే. గొర్రె దగ్గుతుంది. అచ్చం మనిషి దగ్గినట్లే. ఒకటి నెమరు వేస్తుంది, ఒకటి తల్లిని పిలుస్తుంది, వాసన సరేసరి. గంట గడిచేసరికి ఆ చప్పుడే నిద్రకు జోలపాట అయింది. మైకు లేదు, మోటారు లేదు. ఉత్తరాన మాత్రం ఆకాశం అడుగున తెల్లని కాంతి. మా తాలూకాలో 500 ఎకరాలలో వెలసి, 2021లో పని మొదలుపెట్టిన విద్యుత్ స్కూటర్ల కర్మాగారం అటువైపే. కాపరి కొడుకు అందులో కంట్రాక్టు పని చేస్తున్నాడట. "వానికి నెలకు జీతమొస్తాది సామీ. నా ఎనకాల యాడ తిరుగుతాడు?" అన్నాడు. ఆ మాటలో దుఃఖం వెదికాము, దొరకలేదు. కొడుకు నీడపట్టున ఉన్నాడనే తృప్తే అగుపడింది. మరి ఆ మూడు చేల గుట్టు ఈయన తరువాత ఎవరికి తెలుస్తుందనే బెంగ మాదే కాని ఆయనది కాదు.

పాప నిద్రపోలేదు. గుడారంనుంచి తల బయటపెట్టి వరుసగా ఉన్న మూడు చుక్కలు చూపి, "ఓరియన్ బెల్ట్" అన్నది. కాపరి కంబళిలోనుంచే, "అది గొల్లకావడి పాపా" అన్నాడు. కావడి అంటే ఆ పిల్లకు తెలియదు. ఆయన లేచి, చేతికర్ర భుజంమీద అడ్డంగా పెట్టి, రెండు కొనలకూ మా నీళ్ళచెంబులు తగిలించి నాలుగడుగులు నడచి చూపించాడు. ఇంకొక చుక్కలగుంపును పిల్లలకోడి అన్నాడు. పాప లెక్కపెట్టి ఆరు పిల్లలే ఉన్నాయన్నది. "ఏడోది తల్లి కింద ఉండాది," అన్నాడాయన. పాప ఒప్పుకోలేదు. వారిద్దరూ ఆ వివాదంలో ఉండగా మేము నిద్రపోయాము.

తెల్లవారి లేచేసరికి మనవరాలు గంపలు ఎత్తి గొర్రెపిల్లలను వదులుతున్నది. "తాతా, రేపు మంద ఎక్కడ?" అని కాపరిని అడుగుతున్నది. తాత అని మమ్ములను తప్ప ఇంకెవరినీ పిలవగా మేము వినలేదు. పక్కచేలోకి పరుగెత్తి ఒక సర్వేరాయి తగిలి పడి, మోకాలు దోకుకొని వచ్చింది. ఆ చేను ప్లాట్లుగా కొలిచి రాళ్ళు పాతి ఉన్నది. మేము పడుకొన్న చేనుకు కూడ బేరం వచ్చిందనీ, తాను బ్రతికి ఉన్నంతకాలం ఇవ్వననీ పెద్దావిడ చెప్పింది. ఆమెకు డెబ్బై ఐదేళ్ళు ఉంటాయి.

ఈ సంగతి తెలిసి బెంగుళూరులోని బంధువులు, ఇల్లినాయిస్‌లో మా అమ్మాయి స్నేహితులు ఆ చోటు గుర్తు పంపమని అడిగారు. పంపలేదు. మా అల్లుడికి ఇది కొంత కష్టమనిపించింది. తెలిసిన మంచిచోటు నలుగురికీ చెప్పడం వారిలో మర్యాద. షానీ అడవి సర్కారుది. పదిమంది వచ్చినా పాడైతే బాగుచేసే మనుషులు ఉన్నారు. ఇక్కడ పదిమంది వస్తే పెద్దావిడ గట్టుమీద పది సీసాలు పడతాయి, పదకొండోవాడికి ఆమె కంచె వేస్తుంది, ఆ కంచె వల్ల మంద కూడ పోతుంది. అప్పటికి ఆయన దారిలో రెండు చేలే మిగులుతాయి. అందుచేత ఈ వ్యాసంలో కూడ చేను ఏ దిక్కున ఉన్నదో వ్రాయలేదు. పత్రిక చదివేవారు మన్నించాలి.

అయినా కావలసినవారికి దారి లేకపోలేదు. శనక్కాయలు పెరికినది మొదలు ఉగాదిదాకా చేలు ఖాళీగా ఉంటాయి. ఆదివారం పొద్దు పొడవకముందు మా సంతకు రండి, గొర్రెలు అమ్మేవైపు నిలబడి తెలుగులో అడగండి. మీరు ఏ ఊరివారో, పిల్లలున్నారో లేదో విచారిస్తారు. అంతకంటె ముందు కుక్కను తెస్తారా అని అడుగుతారు. తేవద్దు.